నీడ చూసే తాత

లేకపోతే ఆ రంగుల వాసనేమో, రయా కడుపులో ఉండగా ఆరో నెలలో ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు వెనక గదిలో తలుపులేసుకుని పడుకుంది కదా, అది కాకపోతే ఆ టీకా, కాదు, టీకాకీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ పోయినసారే రెండుసార్లు చెప్పింది, మరి అన్నం తినిపించడానికి చేతికిచ్చిన ఫోను, అదీ కాదంది, ఆటిజానికి ఒక్క కారణమంటూ ఉండదమ్మా, చిన్నచిన్నవి ఎన్నో కలుస్తాయి, చాలామటుకు కుటుంబాల్లోనే దిగివస్తుంది, ఎవరి తప్పూ కాదు అంది, ఎవరి తప్పూ కాకపోతే వంశవృక్షం గీయమని ఈ కాగితం ఎందుకిచ్చినట్టు అనుకుంది ఆసుపత్రి గదిలో కూర్చున్న జువైనా, కాగితం మీద మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు, అట్టడుగున ఒకే ఒక్క సున్నా, అది రయా, నాలుగేళ్లొచ్చినా ఇంతవరకూ అమ్మా అని పిలవలేదు, దాని పక్కన ఖాళీ చోటు, తనకిప్పుడు మూడో నెల, మొగుడు ఖల్ఫాన్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు, ఇదీ అలాగే పుడితే, ఈసారి తప్పెవరిదని వెతకాలి.

మాట ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఒంటరిగా మసిలేవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా అని కాగితం అడుగుతోంది, పక్క కుర్చీలో గలియా అత్త తస్బీ పూసలు తిప్పుతూ, మనవైపు ఎవరూ లేరని రాసెయ్యవే, మీ అమ్మవైపు వెతుక్కో, మీ మేనమామ పెళ్లీ పెటాకులూ లేకుండా పావురాలు పెంచుకుంటూ ఉండిపోలా అంటోంది, పావురాలు పెంచడం కూడా రోగమేనా అత్తా అందామని నోటిదాకా వచ్చి ఆగింది, గలియా అత్తగారైనా ముందు సొంత మేనత్త, అందుకేగా ఖల్ఫాన్‌కూ తనకూ మధ్య రెండు గీతలు గీయమని నర్సు చెప్పింది, చుట్టాలైతే రెండు గీతలట, ఆ రెండో గీతా గీసింది, పెళ్లిలో ఇదే అత్త తెలిసిన రక్తం అని మురిసిపోయింది, ఇప్పుడు ఆ తెలిసిన రక్తంలో తెలియనిదేదో ఉందంటే మొహం చాటేస్తోంది, చాటేసి ఎక్కడికి పోతుంది, ఖల్ఫాన్ నుంచి పైకి పోయినా తన నుంచి పైకి పోయినా గీతలు ఆ ఒక్క చదరం దగ్గరే ఆగుతున్నాయి, హమూద్ తాత, అత్తకు నాన్న, ఆ చదరం పక్కన ఏం రాయాలి, ఏమీ లేదు, ఆయన ఊరంతటికీ పెద్దమనిషి.

రయా కింద కూర్చుని జేబులోంచి ఖర్జూరం గింజలు తీసి కిటికీ ఎండ అంచున వరసగా పెట్టింది, ఎండ వేలెడు జరిగింది, ఒక గింజ జరిపింది, ఆగింది, మళ్లీ జరిగింది, మళ్లీ జరిపింది, నర్సు పేరు పెట్టి పిలిచినా తల తిప్పలేదు, ఇంతలో ఎవరో పెద్దాయన కర్ర పట్టుకుని ఆ ఎండలోంచి నడిచిపోయాడు, ఆయన నీడ గింజల మీద పడిందో లేదో రయా చెవులు మూసుకుని కేక పెట్టింది, గదంతా తిరిగి చూసింది, జువైనా సిగ్గుతో చచ్చిపోయింది, కానీ ఈ కేక తనకు తెలుసు, ఎక్కడో విన్నది, ఏడేళ్లప్పుడు, ఊరి కాలువ పక్కన, ఏ పొలానికి ఎంతసేపు నీటివంతో నీడను బట్టి కొలిచే కొయ్య ఉండేది, దాని నీడలోకి పరిగెత్తినప్పుడు హమూద్ తాత ఇలాగే చెవులు మూసుకుని ఇలాగే అరిచాడు, ఎవరూ నవ్వలేదు, ఎవరో తనను పక్కకు లాగి తాత పనిలో ఉన్నాడమ్మా అటు పోకు అన్నారు, రోజంతా ఆయన నోట వచ్చేది వంతు అయింది అన్న ఒక్క మాటే, పెళ్లిళ్లలో వేడుకకు తుపాకులు పేలిస్తే ఖర్జూరాల కొట్టుగదిలో దాక్కునేవాడు, నానమ్మ అక్కడికే రొట్టే ఎండుచేపా పట్టుకుపోయేది, ఏ పూటా ఇంకోటి తినేవాడు కాదు.

తస్బీ చప్పుడు ఎప్పుడాగిందో, అత్త రయా వేళ్లనే చూస్తోంది, మా నాన్న ఇట్లాగే నీడ వెంట రాళ్లు జరిపేవాడు అంది, అయిదేళ్లు నిండేదాకా నోరు విప్పలేదట, మా నానమ్మ చెప్పేది, అది కూడా రాయి అంది, అయినా ఊళ్లో మా నాన్న మాట కాదన్నవాడు లేడు, అదీ రాయి.

ఆ పెద్దరికం రాయడానికి కాగితంలో చోటు లేదు, మాట ఆలస్యమైన సంగతి రాసి జువైనా కాగితం అత్త చేతిలో పెట్టింది, ఎండ మళ్లీ జరిగింది, రయా మొదటిది కాదు, ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే, రంగుల వాసన కాదు, ఫోను కాదు, తాతను ఎవరూ బాగుచేయలేదు, ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు, ఆయన చూసే నీడలో అడుగు పెట్టకుండా చూసుకున్నారు, అంతే, ఊరు చేసింది అదొక్కటే, జువైనా కుర్చీలోంచి లేచి ఎవరి నీడా గింజల మీద పడకుండా మనుషులు నడిచే వైపు, తను మాత్రం ఎండకు అడ్డం రాకుండా, నేల మీద కూర్చుంది, కడుపు మీద చెయ్యి వేసుకుంది, ఇదెలా పుట్టినా తను ఇక్కడే కూర్చుంటుంది.