రెండు బేరింగులు, ఒక కోకో వరస

బంగార్రాజుకు తెలియని విషయం పాలకొల్లు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. కనీసం ఆయన నమ్మకం అది. ఆయన అక్కమొగుడు సత్యప్రసాద్ ముప్ఫై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి గనుక, బంగార్రాజు దృష్టిలో లోకజ్ఞానం లేనివాళ్ళలో మొదటివాడు.

సత్యప్రసాద్ కొబ్బరితోటలో ఒక బుల్లి ట్రాక్టరు ఉంది. ఎప్పుడో జపాను నుంచి సెకండ్‌హ్యాండులో దిగిన సరుకు. కొబ్బరి వరసల మధ్య పెరిగిన కోకో కొమ్మల కింద నుంచి దూరగలిగే బండి అదొక్కటే. ఆ కోకో వేయించింది ఆయన భార్య రత్నమాణిక్యం. మధ్య వరస మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తన చేత్తోనే నాటుకుంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ సంగతి తమకు ఎవరూ చెప్పనట్టే చెట్లు కాపు కాస్తున్నాయి.

వానలు ముదిరేలోగా కలుపు దున్నాలి. సరిగ్గా అప్పుడే ముందు చక్రం బేరింగులు అరిగిపోయాయి. డ్రైవరు శ్యాంబాబు చక్రం ఊడదీసి బండిని ఇటుకల మీద నిలబెట్టాడు. బేరింగులు తెచ్చే భారం బంగార్రాజు అడక్కుండానే నెత్తిన వేసుకున్నాడు. మూడుసార్లు రాజమండ్రి వెళ్ళాడు. మూడుసార్లూ రోజ్‌మిల్కు తాగి, ఉత్త చేతులతో, నిండా అభిప్రాయాలతో తిరిగొచ్చాడు. ఆ కంపెనీయే ఇప్పుడు లేదట. ఆ సామాన్లు ఇక దేశంలోనే దొరకవట.

"మధ్య వరస తీసేస్తే పెద్ద ట్రాక్టరు బ్రహ్మాండంగా తిరుగుద్ది బావగారూ. ఈ డొక్కుని పాత ఇనుములో పడేద్దాం. గురువారం రంపం మెషినతన్ని రమ్మన్నాను."

సత్యప్రసాద్ "చూద్దాం" అన్నాడు. ఆయన జీవితంలో "వద్దు" అనాల్సిన చోటల్లా ఆ మాటే అన్నాడు. బంగార్రాజు దాన్ని ఎప్పుడూ "సరే" అనే విన్నాడు.

మంగళవారం శ్యాంబాబు న్యూస్‌పేపరు పొట్లం ఒకటి తెచ్చి సత్యప్రసాద్ చేతిలో పెట్టాడు. లోపల మట్టీ జిడ్డూ కలిసి నల్లగా గడ్డకట్టిన రెండు ఇనుప చక్రాలు.

"ఊడదీసిన పాత బేరింగులండి. షెడ్డులోనే ఉన్నాయి."

"మరి బంగార్రాజు ఏం చూపించి అడిగాడు?"

శ్యాంబాబు జిడ్డు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఫోనులో ఫోటో అండి. బండి ముందు ఆయన నిలబడి తీయించుకున్నది."

మూడు ప్రయాణాలు ఆ ఫోటోతోనే జరిగాయి. అందులో బంగార్రాజు తెల్లచొక్కా స్పష్టంగా ఉంది, కళ్ళజోడు ఉంది, వెనకాల ట్రాక్టరు కొంచెం ఉంది. దాన్ని చూసి లేదన్న షాపులవాళ్ళు ఎంత గొప్పవాళ్ళో, అడిగినవాడూ అంతే గొప్పవాడు.

బుధవారం పొద్దున్నే సత్యప్రసాద్ పొట్లం పట్టుకుని భీమవరం బస్సెక్కాడు. అక్కడి ట్రాక్టరు స్పేర్ల షాపులో కుర్రాయన పొట్లం వైపు చూడనేలేదు. ఏ కంపెనీ అని అడిగాడు, మోడలు అడిగాడు, ఏ సంవత్సరమో అడిగాడు. చివరికి ఫోటో ఉందా అని అడిగాడు. లేదనేసరికి, ఫోటో కూడా లేకుండా బేరింగు కొనడానికి వచ్చే మనుషులు ఇంకా ఉన్నారా అన్నట్టు చూసి తన ఫోనులోకి వెళ్ళిపోయాడు.

బయట ఎండ మండిపోతోంది. పక్కన రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసే కొట్టు. కొట్టు అరుగు మీద ఒకామె మోటారు విప్పుకుంటోంది, మోచేతుల దాకా గ్రీజు. పెద్దాయన ఎండలో నిలబడడం చూసి, కాలితో స్టూలు ముందుకు తోసి, ఫ్యాను ఆయన వైపు తిప్పింది. ఆ గాలి తగిలాక గాని తనకు ఎంత దాహంగా ఉందో సత్యప్రసాద్‌కు తెలియలేదు. ఆమె పేరు లోవలక్ష్మి అని తర్వాత తెలిసింది.

"ఏంటండి ఆ పొట్లం?"

చెప్పాడు. ఆమె కంపెనీ అడగలేదు. ఒక చక్రాన్ని కిరసనాయిలు డబ్బాలో ముంచి, పాతగుడ్డతో అంచు రుద్ది, వెలుగులో పట్టుకుంది. ఇనుము మీద చెక్కిన నాలుగు అంకెలు బయటపడ్డాయి. మూడు ప్రయాణాలకు ముందు నుంచీ అక్కడే ఉన్న అంకెలు.

"ఆరు వేల రెండు వందల అయిదు నంబరండి. చెరువులో నీళ్ళు చిమ్మే ఏరేటరు మోటారుకి ఇదే వేస్తాం. నంబరొకటైతే ఏ బండికైనా ఒకటేనండి." అరలోంచి రెండు కొత్త డబ్బాలు తీసింది. "దీనికోసం ఎక్కడెక్కడ తిరిగారేంటి?"

"రాజమండ్రి," అన్నాడు సత్యప్రసాద్ సిగ్గుపడుతూ.

ఆమె నవ్వలేదు. చెయ్యి కడుక్కోమని సబ్బుముక్క ఇచ్చింది. ఆయనకు ఆ రోజు అందిన దయల్లో బేరింగుల కంటే అదే పెద్దదనిపించింది.

గురువారం ఉదయం రంపం మెషినతను, వెనకే బంగార్రాజు తోటలోకి వచ్చేసరికి బుల్లి ట్రాక్టరు మధ్య వరస పక్కనే, కోకో కొమ్మల కింద తల వంచుకుని కలుపు దున్నుకుంటూ పోతోంది. బంగార్రాజు కాసేపు నోరు మెదపలేదు. అది చాలా అరుదైన సంగతి గనుక శ్యాంబాబు బండి ఆపి మరీ చూశాడు.

"ఆయ్, నేను చెప్తూనే ఉన్నా కదండీ, ఎక్కడో చోట దొరుకుద్దని," అన్నాడు చివరికి. ఫోను రంపం మెషినతని చేతికిచ్చి, ట్రాక్టరు ముందుకెళ్ళి చొక్కా సర్దుకున్నాడు. "తీయవయ్యా ఒకటి."

"బంగార్రాజూ, వద్దు," అన్నాడు సత్యప్రసాద్.

ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినని బంగార్రాజు తిరిగి చూశాడు.

"ఫోటోనా బావగారూ?"

"రంపం. ఈ తోటలో ఇంకెప్పుడూ వద్దు. ఫోటో తీయించుకో. కొంచెం పక్కకి జరుగు, ఈసారి చక్రం కూడా పడుద్ది."