నోరీన్ జోస్యం

నోరీన్‌లో ఉన్న పెద్ద లోపం ఏమిటంటే, ఆవిడ అన్నది అన్నట్టు జరుగుతుంది. గోడకి కొట్టిన మేకు ఊడుతుందంటే ఊడుతుంది. కేకు పొంగదంటే పొంగదు. లెస్టర్‌కి సూపర్‌వైజరు పని రాదంటే రాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా పొరబడి మొగుడి ముచ్చట తీర్చిన పాపాన పోలేదు.

ఆ సంగతే నెమరేసుకుంటూ లెస్టర్ సూపర్‌మార్కెట్ వెనక లారీలోంచి పాలడబ్బాలు దించుతున్నాడు. శనివారాలు కూడా దించుతాడు. పొట్టి మనిషి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. గోళ్ళ కింద నలుపు పెళ్ళిఫొటోలో కూడా ఉంది.

ఈసారి ఆవిడ జోస్యం కారు మీద. ఇంటి పక్క కంకర మీద టార్పాలిన్ కింద ఉంటుంది, ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. స్విచ్చి వేస్తే హెడ్‌లైట్లు కనురెప్పల్లా పైకి లేవాలి. ఒకటే లేస్తుంది, దారిన పోయేవాళ్ళకి కన్నుకొడుతున్నట్టు. అది ఈ జన్మలో నడవదని నోరీన్ తేల్చేసింది. సోమవారం ఆవిడ తమ్ముడు డ్వైట్ తన లాగుడు బండి తెచ్చి తుక్కు కింద పట్టుకుపోతాడు. ఆలోగా తనంతట తాను కదిలితే ఉంటుంది. అదీ ఒప్పందం. నిజానికి లెస్టర్‌కి కారు మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. నోరీన్ నోట "నేనే పొరబడ్డాను" అన్న ముక్క వినాలి, అంతే.

మధ్యాహ్నం డ్యూటీ దిగి తుక్కు యార్డుకి వెళ్ళాడు. అక్కడ ఎవరి పానాలూ స్క్రూడ్రైవర్లూ వాళ్ళు తెచ్చుకుని, చచ్చిన బండ్లలోంచి ఎవరికి కావలసింది వాళ్ళే విప్పుకోవాలి. కరిగీ కరగని మంచులో వెల్లకిలా పడుకుని, ఓ పాత వ్యాను కడుపులోంచి పెట్రోలు పంపు ఊడదీశాడు. శాండ్‌విచ్ మాత్రం అక్కడే తుక్కులో పడున్న ఓ శవాల బండిలో కూర్చుని తిన్నాడు. వాటిలో సీట్లు అరగవు.

ఇంటికొచ్చేసరికి డ్వైట్ వంటింట్లో ఉన్నాడు, తుక్కు ఎక్కడికి పోతుందోనన్నట్టు.

"బావా, పాపం దానికి ఒక కన్ను ఎలాగూ మూతబడింది. రెండోది కూడా నువ్వే మూసెయ్యరాదూ?" అన్నాడు.

నోరీన్ నవ్వాపుకోలేక కాఫీ ఒలకబోసుకుంది. లెస్టర్ వాళ్ళకన్నా ముందే నవ్వేశాడు. బతుకు మొత్తానికి అతను నేర్చుకున్న ఆత్మరక్షణ అదొక్కటే.

ఆ ఊళ్ళో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు మంచుతో ఆగదు, బండ్లని కిందనుంచి తింటుంది. ఈ కారుకి కుడి తలుపు కింది ఉక్కు పట్టీ చెయ్యి దూరేంత పోయింది. మునుపే వెల్డింగువాడు అడిగిన డబ్బు విని లెస్టర్ ఇంటికొచ్చి, బీరు డబ్బాలు కత్తిరించి కంతకి అడ్డం పెట్టి, పుట్టీ మెత్తి, గీకి గీకి నునుపు చేసి నల్లరంగు వేశాడు. అందరూ చేసేదే. అందరికన్నా బాగా చేశాడు. ఎంత బాగా అంటే, ఇనుము ఎక్కడ ఆగి పుట్టీ ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు అతనికే తెలీదు.

పంపు బిగించి, గడ్డి కోసే మిషను కోసం ఉంచిన పెట్రోలు పోసి, తాళం తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు. నీలం పొగ కక్కి, అందుకుంది. వీధి చివర కుక్కలు మొరిగాయి. లెస్టర్ వంటింటి కిటికీ వైపు చూశాడు. పరదా కదిలింది.

పిలవబోయాడు. అప్పుడే పెట్రోలు వాసన తగిలింది. గొట్టం అతుకు దగ్గర చుక్కలు కారుతున్నాయి. కారుతున్న బండిలో ఎక్కిస్తే ఆవిడ ఆ ఒక్క చుక్కనే పట్టుకుంటుంది. చూడ్డానికి అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోట జాకీ పెట్టి లేపాడు. నిమిషం పనికి కింద ఆసరాగా స్టాండ్లెందుకని, ఇంజను ఆపకుండానే స్క్రూడ్రైవరు పట్టుకుని కిందికి జరిగాడు.

వంటింట్లోకి ఏదో ధబ్బుమన్న చప్పుడు వినబడింది. డ్వైట్ లేవబోయాడు.

"కూర్చోరా. మనం వెళ్ళి చూడాలనే ఆయన తాపత్రయం. తనే వచ్చి పిలవనీ," అంది నోరీన్, టీవీ సౌండు పెంచుతూ.

ఇంజను చాలాసేపు నడిచింది. ఎక్కడా తొట్రుపడలేదు. చివరికి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఆగిందా? చెప్పానా?" అంది.

అతని పళ్ళెంలో కూర వడ్డించి, అది చల్లారాక, గరిటె చేత్తోనే బయటికి వెళ్ళింది. కారు కుడివైపుకి కూలబడి ఉంది. జాకీ పుట్టీని చీల్చుకుని లోపలికి దిగబడింది. కింద రెండు బూట్లు, మడమలు కంకరలోకి దిగి, కదలకుండా ఉన్నాయి.

సోమవారం రావలసిన లాగుడు బండి గురువారం వచ్చింది. మధ్యలో ఖననం అడ్డొచ్చింది. గొలుసు తగిలిస్తూ, తుక్కువాళ్ళు అడుగుతారు గనక, నడవని బండి అనే చెప్పనా అని అక్క మొహం చూడకుండా అడిగాడు డ్వైట్.

"నడుస్తుందని చెప్పు," అంది నోరీన్. గొంతు సవరించుకుని, ఈసారి పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా అంది: "నడవదన్నది నేను. నేనే పొరబడ్డాను."

డ్వైట్ కారులోకి వంగి చూశాడు. తాళంచెవి ఇంకా తిప్పిన చోటే ఉంది.