పక్కటెముకకు కాపలా

ఇటు జరిగి కూర్చోండి, ఆ గోడకు ఆనుకున్నవాళ్లు కూడా. ఇది దూరం నుంచి వినే సంగతి కాదు.

గ్లాసులో టీ ఇంకా సగం ఉండగానే అతను చొక్కా పైకెత్తి నిలబడ్డాడు. భార్య వెనకనుంచి వెడల్పాటి సాగే పట్టీని పక్కటెముకల మీదుగా చుట్టి లాగింది. ఎడమవైపు ఆనే చోట దూది కూరి చిన్న మెత్త కుట్టింది ఆవిడే. వయసులో ఉన్నప్పుడు ఒక పోటీలో విరిగిన ఎముక అది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత రింగులో అతని పేరు పిలిచినవాళ్లు లేరు.

"ఊపిరి బిగబట్టకండి. తర్వాత వదులైందని మళ్లీ నన్నే అంటారు."

"నేనెప్పుడన్నానే?"

"నోటితో అనరు. ముఖం పెడతారు, అది చాలు."

అతను నవ్వలేదు. ఆదివారం ముంచుకొస్తోంది.

బాక్సింగు హాల్లో అతని పని ఊడవడం, పిల్లలు గుద్ది చింపిన సంచుల్లో పాతగుడ్డలు కూరి మళ్లీ వేలాడదీయడం. కానీ జీతం ఇచ్చేది వాటికి కాదు, ఇంకొకరిలా ఉండగలిగినందుకు. పోటీకి వెళ్లే పిల్లలకు ఎదురు రాబోయేది ఎవరో, వాళ్ల ఆటను అతను కోచ్ ఫోనులో చూసేవాడు. మర్నాడు పొద్దున్నే రింగులో వాళ్లయిపోయేవాడు. ఒక వారం ఎగిరి దూకే కుర్రాడు, ఇంకో వారం ఎద్దులా తోసుకొచ్చే మొండివాడు. అందుకే హాలంతా అతన్ని అద్దం అనేవారు. అతని సొంత ఆట ఏదని ఎవరూ అడగలేదు. అడిగితే అతనికీ తెలిసేది కాదేమో.

ఆ హాల్లో అందరికన్నా బాగా ఆడే పిల్ల అతని అన్న కూతురే. లారీ తిరగబడి అన్న పోయాక, అప్పటికింకా తనకు పెళ్లి కాక, ఇంట్లో చూసేవాళ్లు లేక, పసిదాన్ని వెంట తెచ్చి రింగు పక్కన కూర్చోబెట్టేవాడు. అది ఊరుకోలేదు. బాబాయ్ వెనకే నిలబడి, బాబాయ్ చెయ్యి ఎలా కదిలితే అలా కదిపేది. అలా ఎదిగింది. ఆదివారం గెలిస్తే పెద్ద జట్టులో చోటు. కానీ ఎదురొచ్చే అమ్మాయి కుడిచేతి దెబ్బకు అప్పటికే ఇద్దరి దవడలు పగిలాయి.

ఆ పొద్దున కోచ్ మాడిన ముఖంతో వచ్చాడు.

"అవతలివాళ్లు నవ్వుకుంటున్నారట. మన పిల్ల ఆటలో ఏదో లోపం పట్టారు. రెండో రౌండు దాటదని చెప్పుకుంటున్నారు."

"ఏం పట్టారు సార్?"

"అది తెలిస్తే నేనెందుకు ఇలా ఉంటాను? ఎంత చూసినా కనబడ్డం లేదు. నువ్వు చూడు."

 అతను చేతులకు గుడ్డ చుట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని తాళ్ల మధ్య నుంచి దూరాడు. భుజాలు దించి, గడ్డం లోపలికి లాక్కుని ఆ దవడలు పగలగొట్టే అమ్మాయిలా నిలబడ్డాడు.

"బాబాయ్, ఆ చూపు మానుకో. భయమేస్తోంది," అంది పిల్ల నవ్వుతూ.

"మాట్లాడకు. ఆడు."

పిల్ల ఆడింది. పాదాలు నేలను తాకీ తాకకుండా తిరిగాయి. ఎడమచేత్తో రెండుసార్లు తట్టి, కుడిచేతిని విసరబోయింది. అప్పుడే అతని కుడిచెయ్యి తనంతట తాను లేచింది. పిల్ల ఎడమచెంప తలుపు తీసి పెట్టినట్టు ఖాళీగా ఉంది. గ్లవ్‌ను చెంపకు వేలెడు దూరంలో ఆపేశాడు.

మళ్లీ ఆడారు. మళ్లీ అదే. కుడిచెయ్యి బయల్దేరే ముందు పిల్ల ఎడమచెయ్యి కిందికి జారుతోంది. ఒక్క రెప్పపాటు ఎడమ పక్కటెముకను కప్పి, తిరిగి పైకి వస్తోంది. దేనికి? ఆ పిల్లకు అక్కడ ఎప్పుడూ దెబ్బ తగల్లేదు.

అతను ఆగి, గోడకున్న నిలువుటద్దం వైపు తిరిగి గాలిలోకి ఒక కుడిదెబ్బ విసిరాడు. అతని ఎడమచెయ్యి ముందు పక్కటెముక మీదికి వెళ్లింది. ఆ తర్వాతే కుడి కదిలింది.

 చెబితే ఈ రింగులోకి తనను మళ్లీ రానివ్వరు. పిల్లల ముందు నిలబెట్టరు. చెప్పకపోతే ఆదివారం ఆ చెంప అలా తెరుచుకునే ఉంటుంది.

"అది నా జబ్బు సార్," అన్నాడు. "పిల్లకి నా నుంచి అంటుకుంది."

కోచ్ అతన్నీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "మరి ఇన్నేళ్లూ నేనేం చూసినట్టు?"

"రోజూ నన్నే చూస్తారు కదా సార్. కళ్లకి అలవాటైపోయింది."

పిల్ల ముఖం చిన్నబోయింది. "అంటే నేను నేర్చుకున్నదంతా తప్పా బాబాయ్?"

"ఆట తప్పు కాదమ్మా. ఆ పక్కటెముక నీది కాదు, అంతే."

చెప్పగానే దిద్దుకుంటే అది ఒళ్లెందుకవుతుంది? మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ జారింది.

"ఈసారి ఆపను," అన్నాడు.

"ఎప్పుడు కొట్టావులే నువ్వు."

కొట్టాడు. హాల్లో సంచులు గుద్దుతున్నవాళ్లంతా ఆగిపోయారు. పిల్ల ఒక మోకాలి మీద కూలబడింది. పెదవి చిట్లి రక్తం. అతను ముందుకు వంగబోయి, దవడలు పగలగొట్టే ఆ అమ్మాయైతే వంగదు కదా అని గుర్తొచ్చి, నిటారుగా నిలబడ్డాడు. 

పిల్ల లేచి, పళ్లు బిగించి కుడి విసిరింది. ఎడమ కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి అతను కుడి విసరబోయాడు, అతని ఎడమ జారింది. ఎదురుగా పిల్ల ఎడమ కూడా జారింది.

అప్పుడు అర్థమైంది అతనికి, పిల్ల ఇంకా తననే చూసి కదులుతోందని. తను పక్కకు తప్పుకుని, ఇంకో అమ్మాయిని పంపమన్నాడు. ఆమెతో పిల్ల బాగానే ఆడింది. మధ్యలో ఒకసారి తల తిప్పి, బాబాయ్ చూస్తున్నాడా అని చూసింది. వెంటనే చెయ్యి జారింది.

అతను చొక్కా పైకెత్తి పట్టీ ఊడదీసుకున్నాడు. భార్య వేసిన ముడి, విప్పడానికి చాలాసేపు పట్టింది. చెమటకు తడిసిన పట్టీని పిల్ల గ్లవ్స్ మధ్య పెట్టాడు.

"ఇది ఎవరిది?" అని అడిగాడు.

"నీది."

"నాదే. నువ్వు మొయ్యకు," అని వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"ఇంటికేనమ్మా. మీ పిన్ని ఎదురు చూస్తుంటుంది."

చీపురు మూలన ఆనించి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఎడమచెయ్యి పక్కటెముక మీద ఆనించుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగాడు.

ఆదివారం పోటీకి భార్య మాత్రం వెళ్లింది. అతను గుమ్మంలో కూర్చుని, మరమ్మతు అక్కర్లేని కుర్చీకి మరమ్మతు చేస్తూ ఉన్నాడు. ఆవిడ తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి జారిందా?"

"గెలిచిందో లేదో అడగరా?"

"జారిందా అంటున్నాను."

"రెండో రౌండులో ఆ అమ్మాయి కుడి విసిరింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మన పిల్ల చెయ్యి చెంప దగ్గరే ఉంది. దెబ్బ గ్లవ్ మీదే పడింది." ఆవిడ పమిటతో ముఖం తుడుచుకుంది. "గెలిచింది. ఆ జనంలో మీ కోసం వెతుక్కుంది."

"వెతకనీ. దొరక్కపోవడమే మంచిది," అని సుత్తి అందుకున్నాడు.

ఆ తర్వాత ఊరి అవతల ఒక గోదాములో కాపలా పని కుదుర్చుకున్నాడు. హాలు గడప మళ్లీ తొక్కలేదు.

ఎప్పుడైనా మీరు ఈ సంగతి మరొకరికి చెప్పాల్సి వస్తే, ఎవరు గెలిచారన్నది మరిచిపోయినా ఫరవాలేదు. రింగు మూల కొక్కేనికి పిల్ల తగిలించిన ఆ పట్టీని మాత్రం మరవకుండా చెప్పండి. పిల్ల దాన్ని ఎన్నిసార్లు ఉతికి ఆరేసినా, ఎడమవైపు మెత్తలో అరచెయ్యి ఆనినంత గుంట అలాగే ఉంది.