ఫ్రిజ్ కింద దీపం

దయామణి నేలమీద ఒక పక్కకి వాలి, కిరసనాయిలు ఫ్రిజ్ కింది దీపం వత్తిని కత్తెరతో సమంగా కత్తిరిస్తోంది. వత్తి సరిగ్గా లేకపోతే పొగచూరుతుంది. పొగచూరితే, ఆ దీపం వేడితోనే నడిచే ఫ్రిజ్ లోపల చల్లబడదు. అందుకే ఆ పూట ఊళ్లు తిరగడం మానుకుంది. ఉప్పెనకి ఆరోగ్య కేంద్రం పైకప్పు లేచిపోయాక, ఊరి నర్సమ్మగా ఆ ఫ్రిజ్‌నీ అందులోని పోలియో చుక్కల మందునీ తన తాటాకింట్లోనే కాపాడుకొస్తోంది. మంట పెట్టి చలి పుట్టిస్తారా మీ డాక్టర్లు అని మామగారు ఏలీయా మొదట్లో నవ్వేవాడు.

వత్తి వెలిగించి లేచేసరికి పక్కవీధి మైమూనా పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. జ్వరం తగ్గిందట గానీ, కుడికాలు కదపడం లేదట. దయామణి వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని అరికాళ్లు గీకి చూసింది. ఎడమకాలు ముడుచుకున్నాడు. కుడికాలు తడిగుడ్డలా పడి ఉంది.

"అదైతే కాదుగా అక్కా? పోయిన నెలేగా చుక్కలు వేశావు," అంది మైమూనా. వద్దన్న అత్తగారితో పోట్లాడి మరీ అందరికన్నా ముందు పిల్లాణ్ణి తెచ్చింది తనే.

ఎంత మంచి మందైనా ఒక్కొక్కరికి పట్టదని దయామణి చెప్పబోతుండగా పడమటిగాలి రివ్వున లేచింది. పొయ్యిలార్పండని వీధి చివర ఎవరో కేకేశారు. రోహిణికార్తెలో ఆ కేక వినపడితే నిప్పుమీద నీళ్లు చల్లని ఇల్లు ఆ ఊళ్లో ఉండదు. ఏలీయా అరుగు మీంచి లోపలికొచ్చి, వంగి, ఫ్రిజ్ కింద దీపాన్ని ఊదేశాడు.

"అదేంటి మావయ్యా?"

"గాలి కదమ్మా. ఎండలు ముదిరిన కాణ్ణించీ ఆర్పుతూనే ఉన్నాగా. నువ్వొచ్చేలోపు మళ్లీ వెలిగిస్తున్నాలే."

సాయంత్రాలు ఫ్రిజ్ లోపల చల్లదనం తగ్గడం దయామణి గమనించకపోలేదు. ఎండల మూలాన అనుకుంది. పొద్దున్నకి మళ్లీ చల్లగానే ఉండేది. కానీ ఆ మందు ఒకసారి వెచ్చబడితే మళ్లీ చల్లబరిచినా పనికిరాదు.

మైమూనా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైందక్కా?"

పిల్లాడి ఒంటికి మందు పట్టలేదని ఇప్పుడైనా అనెయ్యొచ్చు. ఉద్యోగం నిలుస్తుంది, మామగారి పరువూ నిలుస్తుంది. కానీ ఈ వీధి పిల్లలందరి నోళ్లలో పడింది ఆ చుక్కలే.

"మందు చచ్చిపోయింది మైమూనా. మీవాడికి నేను వేసింది ఉత్త నీళ్లే. అందరికీ మళ్లీ వెయ్యాలి."

ఇల్లంటుకోకూడదనేగా అని ఏలీయా గొణిగాడు.

బందరు పెద్దాసుపత్రికి తనూ వెంట వస్తానంటోంది దయామణి. మైమూనా ఆమె ఒళ్లోంచి పిల్లాణ్ణి తీసుకుని, వేలాడే కాలిని పైటకొంగులో చుట్టి, వాణ్ణి భుజాన వేసుకుని, గుమ్మం దాటి వెళ్లిపోయింది.