పలక తిప్పకూడదు

కార్ల బొమ్మలు వేసే పెద్దాయనకి ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు వరకే గడువు. కంప్యూటర్ మీద ఒక్క కారు వేసి చూపిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ కంపెనీ ప్రతి కొత్త కారూ ముందు ఆయన కాగితం మీదే పుట్టింది. అయితే ఏం? ఇప్పుడెవడిక్కావాలి!

చిక్కంతా చక్రం దగ్గరే. ఏటవాలుగా చూస్తే చక్రం కోడిగుడ్డులా కనిపిస్తుంది. కాగితం మీదైతే చెయ్యి తిరిగే వాలుకి తగ్గట్టు కాగితాన్నే తిప్పుకుని ఒక్క ఊపులో లాగేసేవాడు. కంప్యూటర్‌కి తగిలించిన ఈ నల్ల పలక మీద పెన్నుతో గీస్తే గీత ఎదురుగా తెర మీద పడుతుంది. పలకని తిప్పితే తెర మీది బొమ్మ తిరగదు, గీత మాత్రం వంకర పోతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, చక్రం రాగానే ఎడమచెయ్యి దాని మానాన అది పలకని తిప్పేస్తోంది. పాడు చెయ్యి!

"మావయ్యా, మళ్లీ తిప్పావు," అంది పక్క సీట్లోని మేనకోడలు. ఆమెకి గీత నేర్పింది ఆయనే. ఈ పలక ఆయనకి నేర్పుతున్నది ఆమె.

"నా చెయ్యి నా మాట వినట్లేదే. టేపేసి అతికించెయ్ దీన్ని."

అతికించింది. ఈసారి పలక బదులు ఆయనే పక్కకి ఒరిగిపోయాడు, కుర్చీతో సహా. ఆమె నవ్వబోయి ఆపుకుంది. పదకొండున్నరయింది. రెండు చక్రాలూ సొట్టలే. ఆయనకి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది.

"లే మావయ్యా. మేనేజర్ మీటింగులో ఉన్నాడు."

వద్దనాల్సింది. అనలేదు. ఆమె సొట్ట కారుని చెరిపేసి, ఇరవై నిమిషాల్లో కొత్తది వేసి, తన సీట్లోకి వెళ్లిపోయింది.

మేనేజర్ వచ్చి చాలాసేపు చూశాడు. "మీరే వేశారా మాస్టారూ?"

"నేనేనండీ."

"శుభ్రంగా ఉంది. కానీ ఇలా ఇక్కడ అందరూ వేస్తున్నారు. చక్రం వంకరపోయినా సరే, మీ గీత కనిపిస్తే చాలు, పైవాళ్లతో పోట్లాడి మిమ్మల్ని ఉంచేద్దామనుకున్నాను. ఇందులో అదే లేదు. ఇంకేం చెప్పను?"

మేనకోడలి మొహం పాలిపోయింది. "సార్, అసలు అది..." అంటూ లేవబోయింది. ఒకరి పని ఇంకొకరు చేస్తే ఇద్దరినీ ఇంటికి పంపేస్తారని ఆ ఆఫీసులో తెలియనివాళ్లు లేరు. పెద్దాయన బల్ల కింద ఆమె కాలు గట్టిగా తొక్కాడు.

"నేనేనండీ వేసింది," అన్నాడు మళ్లీ. "నాకొచ్చింది ఇంతే."