పసుపు కాళ్ళ బోర్డు

నేను ఒక హెచ్చరిక బోర్డుని. మొదటే చెప్పేస్తున్నాను, మనుషులంటే నాకు పడదు. బెదిరించడం నా ఉద్యోగం. ఎవరూ బెదరకపోవడం నా ఖర్మ.

విశాఖలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నాలుగడుగుల రేకు ముఖం, రెండు ఇనుప కాళ్ళు. పెయింటర్ నా మీద పుర్రె గీసి, కింద ఎర్రక్షరాలతో ‘ప్రమాదం. ఇక్కడి మట్టి విషం. ముట్టుకోవద్దు’ అని రాశాడు. అది రాస్తూనే టీ గ్లాసు నా నుదుటి మీద పెట్టుకున్నాడు. మీ జాతితో నా తొలి పరిచయం అలా వేడిగా, గుండ్రంగా, మరకతో మిగిలింది.

నన్ను తీసుకెళ్ళింది సముద్రం ఒడ్డున మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీకి. నలభై ఏళ్ళు పసుపు రంగు తయారుచేసి, మిగిలిన చెత్తంతా గోడ వెనక ఇసుకలో పారబోసి, ఒకరోజు తాళం వేసి వెళ్ళిపోయారు. వాన పడితే అక్కడ నేలలోంచి పసుపు నీళ్ళు ఊరుతాయి. చూడ్డానికి పెళ్ళివారి వాకిలిలా ఎంత శుభంగా ఉంటుందో! అందులో ఉన్నది క్రోమియం. చర్మానికి చిల్లులు పెడుతుంది.

విషం ఎక్కడ ఆగుతుందో అక్కడ, నీళ్ళ వైపు చివర, నన్ను పాతారు. శుభ్రం చేయడానికి వచ్చిన కాంట్రాక్టువాళ్ళు గోడ దగ్గర మొదలుపెట్టి నా దాకా మట్టంతా తవ్వి, మూతలున్న లారీల్లో పంపించి, ఆ గోతుల్లో మంచి ఎర్రమట్టి నింపాలి. కాగితాల్లో హద్దు ‘బోర్డు వరకు’ అని రాసుకున్నారు. ఇంత చదువు చదివి, కొలత రాయకుండా బోర్డు వరకు అట! అంటే టెక్నికల్‌గా నేనెక్కడుంటే హద్దు అక్కడే.

హద్దు లోపల, నా కాళ్ళ దగ్గర, చివరి ముప్పై అడుగులు, సంతలో ఎండుచేపలు అమ్ముకునే గంగులమ్మ వాటిని ఆరబెట్టుకునే చోటు. నేను వచ్చిన మొదటిరోజే తన వల కొస నా కాలికి కట్టి, దాని మీద నెత్తళ్ళ చేపలు పరిచింది. “ఓలమ్మా, ఏటే ఈ పుర్రి అలగ ఇకిలిస్తాది!” అంది. చదవడం రాదు. కానీ అక్కడి మట్టి సంగతి నా కంటే తనకే బాగా తెలుసు. చేతుల నిండా చిల్లుల్లాంటి పుళ్ళు. వేరే చోటు లేదు కాబట్టి అక్కడే ఆరబెడుతోంది. తన నేల కూడా తవ్వి మంచిమట్టి పోస్తారని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

మూడు నెలలకి తవ్వకం ఆ ముప్పై అడుగుల ముందు దాకా వచ్చి ఆగింది. మర్నాడే తనిఖీ. పని నడిపించే సూపర్‌వైజర్ జోగారావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. మట్టిని కదిలించడం కంటే బోర్డుని కదిలించడం తేలికని అతనికి తట్టింది. నన్ను పీకించి, గంగులమ్మ నేలకి ఇవతల, గోడ వైపు, కొత్త ఎర్రమట్టిలో పాతించాడు. నా కాళ్ళున్న పాత గుంటల్లో ఇసుక పోయించాడు. అధికారి వస్తోందని నా ముఖానికి మళ్ళీ రంగు కూడా వేయించాడు. మనుషులు ముఖమే చూస్తారని అతని అనుభవం.

పొద్దున్నే అధికారి సుచరిత వచ్చింది.

“బోర్డు దాకా మొత్తం క్లీన్, మేడమ్. ఎర్రమట్టి చూడండి, కుంకుమలా ఉంది,” అన్నాడు జోగారావు.

అప్పుడే నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని గంగులమ్మ వచ్చింది. నేను చోటు మారిన సంగతి కనిపెట్టింది. ముందు జోగారావుని పైనుంచి కిందకి చూసింది, తరవాత నన్ను.

“అమ్మా, దాని కాళ్ళు సూడు. కొత్తకోడల్లాగ పసుపు రాసుకుని ఒచ్చింది. ఏ ఇంటికాడ్నించి ఒచ్చిందో అడగవేటి?”

నిజమే. జానెడు ఎత్తున నా కాళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి.

“అది తుప్పు, మేడమ్!”

“తుప్పు ఎర్రగుంటాది బావూ. నా సేతులకున్నదీ తుప్పేనేటి?”

“తవ్వకముందు బోర్డు ఇక్కడే ఉంటే పసుపు అంటి ఉండొచ్చు కదమ్మా?” అంది సుచరిత.

గంగులమ్మ నీళ్ళ వైపు చివరికి నడిచి, బిందె దించి రెండుచోట్ల కుమ్మరించింది. ఇసుక కుంగింది. రెండు గుంటలు నోళ్ళు తెరిచాయి. అడుగునుంచి పసుపు నీళ్ళు పైకి వచ్చాయి. సుచరిత టేపు తీసి ఆ గుంటల మధ్య దూరం కొలిచింది, వచ్చి నా కాళ్ళ మధ్య కొలిచింది.

“జోగారావు గారూ, బోర్డుకి నడక ఎవరు నేర్పారు?”

అతను నా ముఖం వైపు చూశాడు. రంగు ఇంకా ఆరలేదు.

ఆ వారమే గంగులమ్మ నేల తవ్వారు. “వలా చేపలూ కూడా లారీ ఎక్కాలమ్మా,” అంది సుచరిత. గంగులమ్మ తన చేతులతోనే విసిరేసింది. ఆఖరి గంప దగ్గర ఆగింది.

“మరి ఇన్నాళ్ళూ సంతలో అమ్మినియ్యో?”

సుచరిత టేపు చుట్టుకుంది. నేను చెప్పగలను. మీరే తిన్నారు. రుచి బాగుందని మళ్ళీ కొన్నారు కూడా.

పని ముగిశాక నా కాళ్ళు కోసి, విషంతో పాటు అదే లారీలో పంపించారు. నా మీద రాసిన మాట ఎవరూ నమ్మలేదు. నమ్మింది కాళ్ళని. అవే పోయాయి.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టు ముందు బురద మీద నన్ను వెల్లకిలా పరిచారు. అందరూ చదువుకున్నవాళ్ళే. చెప్పులతో నా అక్షరాలు తొక్కుకుంటూ పోతారు.

మొన్న గంగులమ్మ చిల్లుపడ్డ బేసిన్ అమ్మడానికి వచ్చింది. చేతుల మీద పుళ్ళు మానాయి, మచ్చలున్నాయి. గుమ్మం ముందు టక్కున ఆగింది.

“ఓలే పుర్రీ, నీ కాళ్ళేవే?”

చీర కుచ్చిళ్ళు పైకెత్తి, పక్కనున్న బురదలో కాళ్ళు పెట్టి, నన్ను తొక్కకుండా చుట్టు తిరిగి లోపలికి వెళ్ళింది.