ప్రసన్నకుమారి నీడ తగ్గలేదు

పొద్దున ఆరున్నరకు ప్రసన్నకుమారి రెండు స్పూన్ల రాగిజావ తాగేది. పదైదు నిమిషాలాగి ఇంకో రెండు. పొట్టను చిన్నది చేసే ఆపరేషను అయి పద్నాలుగు నెలలు. నూట ఇరవై కిలోల మనిషి అరవై ఎనిమిదికి వచ్చింది. నీడ మాత్రం తగ్గలేదు. పాత నీడే, గడప నిండా పడేది.

వడమాలపేటలో దాన్నెవరూ పట్టించుకోలేదు. పుత్తూరు బస్సులో కండక్టరు "నీడను రోంత ఇట్లా జరుపుకోమ్మా" అనేవాడు, అంతే.

జనం చూసేది ఆమెనే. "ఎంత సన్నబడినావు!" అని మొదలుపెట్టి, "మొకంలో కళ పోయిందే, జుట్టు రాలిపోతా ఉండాదే" అని ముగించేవాళ్లు. చెకప్‌లో డాక్టరు బరువు చూసి "సూపర్" అని పంపించేసినాడు. నిద్ర పడతా ఉందా అని అడగలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు ధనంజయ విసుక్కొనేవాడు: "నువ్వు అడిగిన ఆపరేషనే గదా! ఇంకేం కావాల?"

ఏం కావాలో ఆమెకూ తెలీదు. లావుగా ఉన్నప్పుడు ఏ బాధనైనా లావు మీదికి తోసేసేది. ఇప్పుడు తోయడానికి ఆ లావూ మిగల్లేదు.

ఒక గురువారం పదకొండు గంటలకు అత్త శకుంతలమ్మ మిరపకాయల తొడిమెలు తీస్తా, గోడకానుకున్న నీడను ఓరగా చూసి "ఆ చాట ఇట్లియ్యి" అనింది. చాట రాలేదు. "చెవుడా నీకు?" అని తిరిగి చూస్తే, నీడ ఉండాది, మనిషి లేదు. ఫోను మంచం మీదుంది.

"నీడను ఇడిసిపెట్టి యాడికి పాయ ఈ పిల్ల!"

నీడ లేచి వాకిలి దాటింది. ముసలామె చెప్పులు కూడా తొడుక్కోకుండా, కాళ్లు కాల్తా ఉంటే తిట్టుకుంటా, దాని వెంట పోయింది.

మామిడి తోపు అవతల, ఎండలో, బీడు నేల మీద కూర్చోనుంది ప్రసన్నకుమారి. శకుంతలమ్మ రొప్పుతా పక్కన కూలబడింది. తిట్టాలనే నోరు తెరిచింది. వేరే మాట వచ్చింది.

"సచ్చిపోదామనుకొన్నావా?"

"ఊ" అనింది కోడలు. "అందరికీ విసుగైపోయినాను, అత్తా."

"విసుగే. కాదన్నదెవరు? నీ మొగుడంటే నాకు నలభై ఏండ్లుగా విసుగు. అట్లని వాణ్ణి పోగొట్టుకుంటానా? నిన్ను మాత్రం పోగొట్టుకుంటానా?"

నీడ వచ్చి పరుచుకుంది. ఇద్దరికీ సరిపోయింది.

శకుంతలమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. తోపులో ఎవరో ఫోను చేస్తే ధనంజయ ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చి ఏదో అనబోతే, "ఏం మాట్లాడొద్దు, ఆటో పిలువు" అనింది.

తిరుపతిలో మానసిక వైద్యురాలు ఆపరేషను కాగితాలు తిరగేసింది. "ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి ఇట్లా అవుతుంది. మీ తప్పు కాదు. వైద్యం ఉంది. మీతో ఎవరూ చెప్పలేదా? ఒక్కసారన్నా అడగలేదా?" అని కాగితాలు బల్ల మీద పడేసింది.

ఆమె గొంతులోనూ విసుగే. చాలా నెలలకు ఒకరు తన మీద కాక, తన కోసం విసుక్కోవడం విన్నది ప్రసన్నకుమారి.

"ఎన్నాళ్లుగా నిద్ర లేదు?"

ప్రసన్నకుమారి చెప్పడం మొదలుపెట్టింది. బయట వరసలో వాళ్లు రెండుసార్లు తలుపు తట్టినారు. ఆమె ఆపలేదు.